ఒంట్లోని పెళ్ళిళ్ళ పేరయ్యలు

మన సంఘం పత్రికకు ఏదైనా రాయమంటే డాక్టర్లు సాధారణంగా చక్కెర జబ్బు గురించో, రక్తపోటు గురించో రాస్తారు. అవి అవసరమైనవే. కాని నేను ఈసారి ఎంజైముల గురించి రాయదలచుకున్నాను. కారణాలు రెండు. మనం బతికి ఉన్నామంటే అది వాటి చలవే కాబట్టి, వాటి పని ఏమిటో కొంచెమైనా తెలుసుకోవడం ధర్మం. రెండోది, ఒకానొక ఎంజైముకు మన తెలుగు కుటుంబాలతో ప్రత్యేకమైన సంబంధం ఉంది. ఆ సంగతి ముందుగా తెలియకపోతే ఆపరేషను బల్ల మీద చిక్కు రావచ్చు. నేను మత్తుమందు డాక్టరును కనుక ఆ చిక్కును దగ్గరగా చూశాను. అక్కడికి వచ్చేముందు కొంచెం కెమిస్ట్రీ భరించాలని పాఠకులకు మనవి.

మీ వంటింట్లో పంచదార డబ్బా మూత తీసి చూడండి. డబ్బాలో పంచదార ఉంది, పైన గాలిలో ప్రాణవాయువు ఉంది. ఈ రెండూ కలిస్తే బొగ్గుపులుసు వాయువు, నీరు, బోలెడంత వేడి పుట్టాలి. లెక్క ప్రకారం అలా కలవడమే వాటికి లాభం. అయినా పదేళ్ళు ఉంచినా చీమలు పట్టడమే తప్ప పంచదార మండదు. అదే పంచదారను కాఫీలో కలుపుకుని తాగండి. కొద్ది గంటల్లో, 37 డిగ్రీల ఒంటి వేడిలోనే, మంటా పొగా లేకుండా ఖర్చయిపోతుంది. డబ్బాలో పదేళ్ళయినా జరగని పని కడుపులో పడ్డాక ఇంత తొందరగా ఎలా జరిగింది?

దీనికి జవాబు ఒక కొండ. ఏ రసాయన మార్పుకైనా మధ్యలో ఒక కొండ అడ్డం ఉంటుంది. ఉన్న బంధాలు వంగి, సాగి, తెగేదాకా వచ్చి, కొత్త బంధాలు ఇంకా పూర్తిగా ఏర్పడని ఒక ఇబ్బందికరమైన స్థితి ఉంటుంది. అదే ఆ కొండ శిఖరం. అవతలివైపు పల్లం ఎంత ఉన్నా సరే, ముందు ఆ శిఖరం ఎక్కే శక్తి ఉండాలి. నిప్పు పెడితే వేడి వల్ల అణువులు ఎగబాకుతాయి. ఒంట్లో నిప్పు పెట్టలేం కదా. విశాఖపట్నం నుంచి అరకు వెళ్ళే రైలెక్కినవారికి తెలుసు, రైలు ప్రతి కొండా ఎక్కి దిగదు, సొరంగాల్లోంచి దూరి వెళ్ళిపోతుంది. బయలుదేరిన ఊరు మారలేదు, చేరే ఊరూ మారలేదు. మధ్య దారి సులువయింది. ఎంజైము చేసే పని అదే. దాన్ని ఉత్ప్రేరకం అని మనం హైస్కూల్లో చదువుకున్నాం.

నాకు మాత్రం ఎంజైమును తలచుకుంటే పెళ్ళిళ్ళ పేరయ్య గుర్తుకొస్తాడు. అబ్బాయి ఒక ఊళ్ళో, అమ్మాయి ఇంకో ఊళ్ళో. వాళ్ళంతట వాళ్ళు ఎదురుపడి, మాటలు కలిసి, పెద్దలు ఒప్పుకునేటప్పటికి ఎన్నేళ్ళు పడుతుందో చెప్పలేం. పేరయ్య చంకలో గొడుగుతో వస్తాడు, ఇద్దరినీ ఒకే గదిలో ఎదురెదురుగా కూర్చోబెడతాడు, అటు కొంచెం ఇటు కొంచెం నచ్చచెబుతాడు, ముహూర్తం పెట్టిస్తాడు. పెళ్ళయ్యాక ఆయన మారిపోడు, ఖర్చయిపోడు, మరో సంబంధానికి బయలుదేరతాడు. అయితే రెండు పక్షాలకూ బొత్తిగా పొసగని సంబంధాన్ని పేరయ్య కూడా కుదర్చలేడు. జరగగలిగినదాన్ని త్వరగా జరిపించడమే ఆయన చేతిలో ఉంది. ఎంజైముకూ అంతే.

ఆ నచ్చచెప్పడం ఎలాగో శాస్త్రజ్ఞులు చాలా కాలం వెతికారు. 1894లో ఎమిల్ ఫిషర్ అనే జర్మను శాస్త్రవేత్త తాళం, తాళంచెవి పోలిక చెప్పాడు. ఒక ఎంజైములో ఒక ప్రత్యేకమైన గుంట ఉంటుంది, అందులో దానికి సరిపోయే అణువే పడుతుంది, ఇంకొకటి పట్టదు అని. 1958లో డేనియల్ కోష్లాండ్ దాన్ని సవరించాడు. తాళంలాగా గట్టిగా ఉండదు, అణువు వచ్చి తాకగానే ఎంజైము తన ఆకారాన్ని సర్దుకుంటుంది అన్నాడు. మన ఊళ్ళో గాజులమ్మే ఆవిడ చేతిని మెల్లగా నొక్కి, బొటనవేలు మడిచి గాజు ఎక్కించడం చూశారు కదా, ఆ పద్ధతి. ఇలా పట్టుకున్నాక ఎంజైము రెండు మూడు పనులు చేస్తుంది. కలవాల్సిన భాగాలను సరైన దిక్కుకు తిప్పి పక్కపక్కన నిలబెడుతుంది. తన గుంటలోని ఆమ్ల, క్షార గుణాలున్న చేతులతో ఇక్కడ ఒక ప్రోటానును ఇచ్చి అక్కడ ఒకటి పుచ్చుకుంటుంది. అన్నిటికన్నా ముఖ్యంగా, ఆ శిఖరం మీది ఇబ్బందికరమైన స్థితినే గట్టిగా కావలించుకుంటుంది. దాంతో కొండ ఎత్తు తగ్గుతుంది. ఈ చివరి మాటను 1940లలో లైనస్ పాలింగ్ చెప్పాడు, తర్వాతి పరిశోధనలు బలపరిచాయి.

వేగం ఎంత అంటే, రెండు ఉదాహరణలు చెబుతాను. మన ఎర్ర రక్తకణాల్లో కార్బానిక్ అన్‌హైడ్రేజ్ అనే ఎంజైము ఉంది. ఒక్కొక్క అణువు సెకనుకు పది లక్షల దాకా బొగ్గుపులుసు వాయువు అణువులను నీటితో కలపగలదు, విడదీయగలదు. ఊపిరితిత్తుల సన్నని నాళాల్లో రక్తం నిలిచేది ఒక సెకనుకన్నా తక్కువ కాలం. ఆ కాస్త వ్యవధిలో గాలి మార్పిడి అయిపోవాలంటే ఇంత వేగం కావాలి మరి. రెండోది, మన కణాల్లో జన్యుపదార్థానికి కావలసిన అక్షరాలు తయారుచేసే దారిలో ఒక మెట్టు. ఎంజైము లేకుండా వదిలేస్తే ఆ మార్పు సగం జరగడానికి 7 కోట్ల 80 లక్షల సంవత్సరాలు పడుతుందని 1995లో అమెరికాలో రిచర్డ్ వుల్ఫెండెన్, ఆయన సహచరురాలు లెక్క కట్టారు. ఎంజైము ఉంటే సెకనులో యాభయ్యో వంతు చాలు. రాక్షసబల్లులు తిరిగిన కాలంలో మొదలుపెట్టిన పని ఇప్పటికి సగం అయ్యేదన్నమాట!

ఇదంతా ప్రయోగశాలల సంగతేననుకోకండి. మన అమ్మమ్మలు దీన్ని వాడుకున్నారు. రాగులు నానబెట్టి, మూటకట్టి, మొలకెత్తించి, ఎండబెట్టి, వేయించి, పిండి చేసి పసిపిల్లలకు జావ కాచి పెట్టేవారు. మొలకలో పిండి పదార్థాన్ని తుంచే ఎంజైము పుడుతుంది. ముద్దలా చిక్కగా ఉన్న జావలో కాస్త మొలకల పిండి కలిపితే కాసేపట్లో పలచబడి, కొంచెం తియ్యబడుతుంది. వేయించేటప్పుడు సెగ మరీ ఎక్కువైతే ఆ గుణం పోతుంది. ఎంజైములు మాంసకృత్తులు కనుక, ఉడికిన గుడ్డు మళ్ళీ పచ్చిగుడ్డు కానట్టే, ఆకారం చెడ్డ ఎంజైము మళ్ళీ పనికి రాదు. 1833లో ఫ్రాన్సులో పేయెన్, పెర్సోజ్ అనే ఇద్దరు మొలకెత్తిన బార్లీ నుంచి ఈ పదార్థాన్నే వేరు చేసి డయాస్టేజ్ అని పేరు పెట్టారు. చరిత్రలో మొదటిసారి వేరు చేసిన ఎంజైము అదే. 1897లో ఎడ్వర్డ్ బుఖ్నర్ ఈస్టు కణాలను నూరి, బతికున్న కణం ఒక్కటీ లేని ఆ రసంతోనే చక్కెరను పులియబెట్టి చూపించాడు. పులవడానికి ప్రాణశక్తి కావాలన్న పాత నమ్మకం దానితో పోయింది. 1926లో జేమ్స్ సమ్నర్ ఒక చిక్కుడు జాతి గింజల నుంచి యూరియేజ్ అనే ఎంజైమును స్ఫటికాలుగా తీసి, అది మాంసకృత్తేనని రుజువు చేశాడు. ఈయనకు చిన్నతనంలోనే ఒక చెయ్యి పోయింది. ప్రయోగాలన్నీ ఒంటిచేత్తోనే చేసి, 1946లో నోబెల్ బహుమతి పంచుకున్నాడు.

ఎంజైమును పనిచేయించడమే కాదు, ఆపడం కూడా వైద్యమే. మన మందుల అలమరలో సగం మందులు చేసే పని అదే. కొలెస్టరాలు తగ్గించే స్టాటిన్లు ఒక ఎంజైముకు అడ్డం పడతాయి, ఆస్పిరిన్ ఇంకొకదానికి. ఇక్కడ భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారిని తలచుకోకుండా ఉండలేను. అమెరికాలో లెడర్లే ప్రయోగశాలల్లో ఆయన నడిపిన బృందం తయారుచేసిన అమినాప్టెరిన్ అనే మందును బోస్టనులో సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సరు పిల్లలకు ఇచ్చాడు. 1948లో ఆ ఫలితాలు ప్రకటించాడు. దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్ ఈ నాటికీ వాడుకలో ఉంది. ఫోలిక్ ఆమ్లాన్ని పోలిన ముసుగు వేసుకుని ఆ మందు ఒక ఎంజైము గుంటలో దూరి కూర్చుంటుంది, క్యాన్సరు కణానికి కావలసిన సరుకు తయారు కాదు. సుబ్బారావు గారు ఆ 1948లోనే కన్నుమూశారు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మన నరాలు కండరానికి కదలమని చెప్పేది అసిటైల్‌కోలిన్ అనే పదార్థంతో. కబురు అందగానే దాన్ని తుంచేసే ఎంజైము అక్కడే కాపు కాస్తుంది. తుంచకపోతే కండరం మరో కబురు అందుకోలేదు. ఆంధ్రలో హౌస్ సర్జనుగా పనిచేసినవారెవరికీ ఈ ఎంజైమును పరిచయం చేయనక్కరలేదు. పురుగులమందు తాగి వచ్చిన రైతు నోటి వెంట నురుగు, సూదిమొనంత కంటిపాప, ఆ వాసన మరిచిపోలేం. ఆ మందు చేసేది ఈ ఎంజైము గొంతు నొక్కడమే. విషం ఎంత ఎక్కిందో చూడడానికి రక్తంలో కొలిచేది దీని పినతండ్రి కొడుకులాంటి మరొక ఎంజైమును. దాని పేరు బ్యూటిరైల్‌కోలినెస్టరేజ్, ఆస్పత్రుల్లో వాడుక పేరు సూడోకోలినెస్టరేజ్. ఇది కాలేయంలో తయారై రక్తంలో తిరుగుతుంది. పేరయ్య పోలికలో చెప్పాలంటే, ఈయన సంబంధాలు కుదిర్చేవాడు కాదు, విడగొట్టేవాడు.

1951 నుంచి మత్తుమందు డాక్టర్లు సక్సామెథోనియం అనే మందు వాడుతున్నారు. మన దేశంలో స్కోలిన్ అంటే డాక్టర్లందరికీ తెలుసు. రెండు అసిటైల్‌కోలిన్ అణువులను వీపూ వీపూ అతికిస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. నరానికిస్తే నిమిషం లోపల ఒంట్లోని కండరాలన్నీ వదులైపోతాయి, గొంతులో గొట్టం దించడం సులువవుతుంది. తొందర మీద చేయాల్సిన ఆపరేషన్లలో, కడుపు నిండుగా ఉన్నప్పుడు, ఇది చాలా ఉపకారి. అయిదు నుంచి పది నిమిషాల్లో దాని ప్రభావం పోతుంది. పోగొట్టేది ఈ సూడోకోలినెస్టరేజే. ఇచ్చిన మందులో అధికభాగాన్ని కండరం చేరకముందే రక్తంలోనే తుంచేస్తుంది.

మరి ఆ ఎంజైము పుట్టుకతోనే లేనివారి మాటేమిటి? పంచదార డబ్బా సంగతి గుర్తుంది కదా, ఎంజైము లేకపోయినా మార్పు జరుగుతుంది, కాని మెల్లగా. కొంత తనంతట తానే విడిపోతూ, కొంత మూత్రంలో పోతూ, ఆ మందు వదలడానికి గంటలు పడుతుంది, ఒక్కోసారి ఎనిమిది గంటలు. అంతసేపూ మనిషి వేలు కదపలేడు, ఊపిరి తీయలేడు. యంత్రంతో ఊపిరి పోస్తూ, నిద్రమందు ఆపకుండా ఇస్తూ కూర్చుంటే ఏమీ కాదు, క్షేమంగా లేస్తాడు. నిద్రమందు ఆపేస్తే మాత్రం మెలకువ వస్తుంది, మాటలు వినిపిస్తాయి, కన్ను తెరవలేడు. ఆ భయం శత్రువుకు కూడా వద్దు.

నా శిక్షణ రోజుల్లో ఒక రాత్రి అపెండిసైటిసుతో ఒక తెలుగు పెద్దమనిషి వచ్చారు. ఆపరేషను చక్కగా జరిగింది. అరగంటయినా ఆయన ఊపిరి తీయలేదు. మణికట్టు దగ్గర నరానికి సన్నని విద్యుత్తు తగిలిస్తే బొటనవేలు కదలాలి, కదలలేదు. మా పెద్ద డాక్టరు వెంటనే గ్రహించి నిద్రమందు కొనసాగించమన్నారు, ఆయన్ను యంత్రం మీదే ఉంచాం. బయట కూర్చున్న ఆయన భార్యకు తెలుగులో చెప్పమని నన్ను పంపారు. ఆవిడ విని, కాసేపు నేల చూపులు చూసి, మెల్లగా అన్నారు.

"మా బావగారికి కూడా ఇలాగే అయిందట బాబూ. హెర్నియా ఆపరేషనప్పుడు. మత్తు డాక్టరు గారు సాయంత్రందాకా రబ్బరు సంచి నొక్కుతూ కూర్చున్నారట."

"ఇక్కడ అడిగినప్పుడు చెప్పారా అమ్మా?"

"ఇంట్లో ఎవరికైనా మత్తుమందుతో ఇబ్బంది ఉందా అని కాగితంలో ఉంది. లేదనే రాశారు. బావగారు బాగానే ఉన్నారుగా? అదీకాక అప్పట్లో మా ఆడపడుచు పెళ్ళి కావాలి. బయటికి పొక్కనివ్వద్దన్నారు మా మామగారు. అలా అందరం మరిచిపోయాం."

తెల్లవారుజామున ఆయన చెయ్యి కదిపారు, తర్వాత సొంతంగా ఊపిరి తీశారు. రెండు రోజుల్లో ఇంటికి వెళ్ళారు. రక్తపరీక్షలో ఆ ఎంజైము పనితనం సున్నాకు దగ్గరగా వచ్చింది. అన్నదమ్ములిద్దరికీ ఒకే లోపం. ఒక ఆడపిల్ల పెళ్ళి కోసం దాచిన సంగతి, ఇన్నేళ్ళ తర్వాత, సముద్రాలు దాటి ఇక్కడికి వచ్చింది.

ఈ లోపం యూరప్, అమెరికా జనాభాలో లక్షకు ఒకరిలో కనిపిస్తుంది. వైశ్యుల్లో దానికి కొన్ని వేల రెట్లు ఎక్కువ. కోయంబత్తూరులోని భారతియార్ విశ్వవిద్యాలయం, అమెరికాలోని నెబ్రాస్కా విశ్వవిద్యాలయం పరిశోధకులు కలిసి 2006లో దీని మూలం చెప్పారు. 574 అమైనో ఆమ్లాల గొలుసులో 307వ స్థానంలో లూసీన్ ఉండవలసినచోట ప్రోలీన్ పడింది. ప్రోలీన్ గొలుసును వంకర తిప్పుతుంది. ఇటుక ఒక్కటే మారింది, ఇల్లు నిలబడలేదు.

ఇది మేనరికాల వల్లనే అని కొందరంటారు. అది సగం నిజమే. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు జన్యు ప్రతులూ చెడితేనే ఈ లోపం బయటపడుతుంది. దగ్గరి సంబంధాల్లో అందుకు అవకాశం పెరుగుతుంది. కాని హైదరాబాదులోని సీసీఎంబీ, అమెరికాలోని హార్వర్డ్ శాస్త్రజ్ఞులు 2009లో ప్రకటించిన పరిశోధన మరో సంగతి చెప్పింది. ఆంధ్రలోని వైశ్యులు వందకు పైగా తరాల కిందట కొద్దిమంది పూర్వీకుల నుంచి విస్తరించినవారు. అప్పటి నుంచి బయటి సంబంధాలు చాలా తక్కువ. ఆ కొద్దిమందిలో ఒకరికి ఉన్న అక్షరదోషం అలాగే పదిలంగా దిగివచ్చింది. అంచేత మేనరికం కాకపోయినా, కులంలో సంబంధమైతే, ఇద్దరూ ఆ దోషాన్ని మోసేవారు కావచ్చు.

కులం పేరు పత్రికలో ఎత్తినందుకు ఎవరూ నొచ్చుకోవద్దని ప్రార్థన. ఈ లోపం ఉన్నవారందరూ వైశ్యులు కారు, వైశ్యులందరికీ ఈ లోపం లేదు. పైగా ఇది జబ్బు కాదు. ఈ ఎంజైము బొత్తిగా లేనివారు కూడా తినడం, తిరగడం, పిల్లల్ని కనడం అన్నీ మామూలే. సక్సామెథోనియం, మైవాక్యూరియం అనే రెండు మందులు ముఖ్యంగా తగలకూడదు, అంతే. వాటికి బదులు రోక్యురోనియం అనే మందు ఉంది. దాని ప్రభావాన్ని చిటికెలో తీసేసే సుగామాడెక్స్ యూరప్‌లో 2008లో, అమెరికాలో 2015లో అనుమతి పొందింది. ముందుగా తెలిస్తే మాకు ఇది సమస్యే కాదు. ఇందులో పెళ్ళి సంబంధాలు చెడగొట్టుకోవలసినదేమీ లేదు.

చేయవలసింది చాలా తక్కువ. బంధువుల్లో ఎవరికైనా ఆపరేషను తర్వాత లేవడం ఆలస్యమైందా, ఊపిరి తీయలేదా, యంత్రం మీద గంటలకొద్దీ ఉంచారా అని కనుక్కోండి. మనవాళ్ళు ఆ సంగతిని ఆ మాటల్లో చెప్పరు. "మత్తు ఎక్కువైంది", "ఒళ్ళు బలహీనం", "దిష్టి తగిలింది" అంటారు. అలాంటి మాట వినిపిస్తే మీ డాక్టరుకు చెప్పి సూడోకోలినెస్టరేజ్ రక్తపరీక్ష చేయించుకోండి. కెనడాలో వెర్నర్ కాలో 1957లో కనిపెట్టిన డైబుకెయిన్ పరీక్ష కూడా దానికి తోడుగా చేస్తారు. లోపం తేలితే అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్ళకు తప్పక చెప్పండి. తల్లిదండ్రులిద్దరూ మోసేవారైతే ప్రతి బిడ్డకూ నాలుగింట ఒక వంతు అవకాశం ఉంది. మందు పేరు రాసిన చీటీ పర్సులో పెట్టుకోండి, లేదా చేతికి పేరు చెక్కిన గొలుసు వేసుకోండి. స్పృహ లేని మనిషి తన సంగతి తాను చెప్పుకోలేడు.

ఊరు వదిలి వచ్చినప్పుడు మనం ఆవకాయ జాడీలు తెచ్చుకున్నాం, పంచాంగాలు తెచ్చుకున్నాం, సర్టిఫికెట్లు తెచ్చుకున్నాం. ఇంటి పెద్దల ఆపరేషన్ల కథలు అక్కడే ఉండిపోయాయి. వాటిని గుర్తుంచుకున్న పెద్దమ్మలు, మేనత్తలు ఏటేటా తగ్గిపోతున్నారు. ఈ ఆదివారం ఇంటికి ఫోను చేసినప్పుడు వానలు ఎలా ఉన్నాయని అడిగాక, ఈ సంగతి కూడా అడగండి. వాళ్ళు చెప్పింది ఒక కాగితం మీద రాసి, పిల్లల టీకాల కాగితాల పక్కన దాచండి.